నందిని నుంచి రాయ్‌పూర్ దాకా: విమానం రేడియో ఎలా మాట్లాడుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పేరు చెప్పగానే ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నందిని పేరు కూడా కొత్త కాదు. భిలాయికి ఉత్తరాన ఉన్న ఈ ఊరి సున్నపురాయి గనుల నుంచే కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు రాయి వెళ్తుంది. గనుల పక్కనే ఒక రన్‌వే కూడా ఉంది. ప్రయాణికుల విమానాలు రోజూ వచ్చిపోయే చోటు కాదది. చిన్న విమానాలు దిగడానికి వీలుగా ఉన్న ఎయిర్‌స్ట్రిప్. వేళకు వచ్చే విమానాలు ఎక్కాలంటే ఇక్కడివాళ్లు రాయ్‌పూర్ దగ్గర మానాలో ఉన్న స్వామి వివేకానంద విమానాశ్రయానికి వెళ్లాల్సిందే. గాలిలో సూటిగా కొలిస్తే ఈ రెంటి మధ్య దూరం 40 కిలోమీటర్లు దాటుతుంది.

నందిని రన్‌వే మీద ఒక చిన్న విమానం బయలుదేరడానికి సిద్ధంగా ఉందనుకుందాం. పైలట్ రేడియోలో రాయ్‌పూర్ కంట్రోలర్‌ను పిలుస్తాడు. జవాబు రాదు. రేడియో పాడైందా? కాలేదు. అదే విమానం గాలిలోకి లేచి వెయ్యి అడుగుల ఎత్తుకు చేరి అదే రేడియోలో మళ్లీ పిలిస్తే, రాయ్‌పూర్ గొంతు పక్కగదిలో మాట్లాడినంత స్పష్టంగా వినిపిస్తుంది. ఈ లోపు దూరం పెద్దగా తగ్గలేదు, రేడియో శక్తి పెరగలేదు. మారింది ఎత్తు ఒక్కటే.

ఎత్తు ఎందుకంత ముఖ్యం? ప్రపంచమంతా ఫోన్లు డిజిటల్ అయిపోయాక కూడా విమానాలు పాతకాలపు ఏఎం పద్ధతిలోనే ఎందుకు మాట్లాడుతున్నాయి? ఒకరు మాట్లాడుతుండగా మరొకరు బటన్ నొక్కితే ఏమవుతుంది? వీటికి జవాబులు తెలియాలంటే కాక్‌పిట్‌లో ఉండే ఆ చిన్న పెట్టె లోపలికి తొంగిచూడాలి. దాని పేరు వీహెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్.

ఒకే పెట్టె, రెండు పనులు

ట్రాన్స్‌మిటర్ అంటే పంపేది, రిసీవర్ అంటే అందుకునేది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే అది ట్రాన్సీవర్. అయితే రెండూ ఒకేసారి పనిచేయవు. మొబైల్ ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా ఒకరిది ఒకరికి వినిపిస్తుంది. విమానం రేడియోలో అలా కుదరదు. పైలట్ చేతికి అందేలా కంట్రోల్ మీద ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. నొక్కగానే లోపల ఒక ఎలక్ట్రానిక్ స్విచ్ ఆంటెన్నాను రిసీవర్ నుంచి తప్పించి ట్రాన్స్‌మిటర్‌కు కలుపుతుంది. బటన్ వదిలేవరకు ఆ విమానానికి బయటి మాట ఒక్కటీ వినపడదు.

పైగా పైలట్లూ కంట్రోలరూ అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటారు. ఊరి రచ్చబండ దగ్గర ఒకరు మాట్లాడితే అక్కడున్న అందరికీ వినిపించినట్టే, ఒక పైలట్ కంట్రోలర్‌తో అన్న మాట ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న మిగతా పైలట్లకు కూడా వినిపిస్తుంది. ఇది లోపంలా కనిపించినా చాలా ఉపయోగపడే లక్షణం. ఏ విమానం ఎక్కడుందో, ఏ ఎత్తుకు వెళ్తోందో వింటూ ప్రతి పైలట్ తన చుట్టూ ఉన్న ఆకాశాన్ని మనసులో గీసుకుంటాడు. నియంత్రణ టవర్ లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల దగ్గరైతే ఇది మరీ అవసరం. అక్కడ పైలట్లు తాము ఎటు నుంచి వస్తున్నారో, ఏ రన్‌వే మీద దిగబోతున్నారో రేడియోలో చెప్పుకుంటూ ఒకరికొకరు అడ్డు రాకుండా చూసుకుంటారు.

ఎఫ్‌ఎం స్టేషన్లకు పొరుగున

మనం పాటలు వినే ఎఫ్‌ఎం స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. రేడియో ముల్లును 108 దాటించి ఇంకా ముందుకు జరపగలిగితే మొదట విమానాలకు దారి చూపే నావిగేషన్ సంకేతాలు తగులుతాయి. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని విమానాల మాటల కోసం అంతర్జాతీయంగా కేటాయించారు. వీహెచ్‌ఎఫ్ అంటే 'చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ'. 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీ మొత్తానికి ఆ పేరే.

ఈ 19 మెగాహెర్ట్జ్‌ల పట్టీని 25 కిలోహెర్ట్జ్ చొప్పున ముక్కలు చేస్తే 760 ఛానళ్లు వస్తాయి. ఐరోపాలో విమానాల రద్దీకి ఇవి చాలకపోవడంతో ఒక్కో ముక్కను మళ్లీ మూడు చేసి 8.33 కిలోహెర్ట్జ్ ఛానళ్లు వాడుతున్నారు. వీటన్నిటిలో ఒక ఫ్రీక్వెన్సీని పైలట్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అది 121.5 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటా అత్యవసర పరిస్థితికి కేటాయించిన ఫ్రీక్వెన్సీ.

పాత రేడియోల్లో ఒక్కో ఛానల్‌కు విడిగా ఒక క్వార్ట్జ్ స్ఫటికం పెట్టాల్సి వచ్చేది. డజను ఛానళ్లు కావాలంటే డజను స్ఫటికాలు. ఇప్పుడు ఒక్క స్ఫటికం చాలు. దాని కచ్చితమైన కంపనాలను కొలబద్దగా పెట్టుకుని, సింథసైజర్ అనే సర్క్యూట్ కావలసిన ఏ ఫ్రీక్వెన్సీనైనా తయారు చేస్తుంది. రేడియో ముఖం మీద సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఇప్పుడు మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ, రెండోది తర్వాత వాడబోయేది. ఒక్క బటన్ నొక్కితే రెండూ స్థానాలు మార్చుకుంటాయి. పొరపాటున తప్పు అంకె తిప్పినా పాత ఫ్రీక్వెన్సీ పోకుండా చేతిలో ఉంటుంది.

మాట తరంగమెక్కే తీరు

మనిషి మాటలో అర్థం తెలియడానికి సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఉన్న కంపనాలు చాలు. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీని నేరుగా ఆంటెన్నా నుంచి పంపాలంటే కిలోమీటర్ల పొడవైన ఆంటెన్నా కావాలి. అందుకే మాటను ఒక వాహనం ఎక్కించి పంపుతారు. ఆ వాహనమే వాహక తరంగం. రేడియోలోని సింథసైజర్ దాన్ని పుట్టిస్తుంది. 125 మెగాహెర్ట్జ్ ఎంచుకుంటే అది సెకనుకు 12 కోట్ల 50 లక్షల సార్లు కంపిస్తుంది.

పైలట్ మాట్లాడినప్పుడు హెడ్‌సెట్ మైకు ఆ ధ్వనిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఇంజను హోరు మాటతో కలిసిపోకుండా ఆ మైకును పెదాలకు ఆనించినట్టుగా పెట్టుకుంటారు. మాట హెచ్చుతగ్గులను బట్టి వాహక తరంగం కంపన పరిమితి, అంటే దాని ఎత్తు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇదే ఏఎం, కంపన పరిమితి మాడ్యులేషన్. ఎఫ్‌ఎంలో మాత్రం తరంగం ఎత్తు అలాగే ఉండి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరుగుతుంది.

ఏఎంలో మాట ఎక్కగానే వాహక తరంగానికి రెండు పక్కలా రెండు పార్శ్వ పట్టీలు పుడతాయి. 3 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న మాటను 125 మెగాహెర్ట్జ్ మీద ఎక్కిస్తే మొత్తం సంకేతం 6 కిలోహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో అది హాయిగా ఇముడుతుంది. 8.33 కిలోహెర్ట్జ్ ఛానల్‌లోనూ పడుతుంది.

చివర్లో పవర్ యాంప్లిఫైయర్ ఈ సంకేతానికి బలమిస్తుంది. చిన్న విమానాల రేడియోలు 5 నుంచి 10 వాట్లు, పెద్ద విమానాలవి సుమారు 25 వాట్ల దాకా పంపుతాయి. ఇంట్లో వాడే చిన్న ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది కూడా దాదాపు 10 వాట్లే. పైలట్ మాట పోతున్నదీ లేనిదీ తనకు తెలియడానికి, అతని గొంతునే మెల్లగా అతని చెవిలో వినిపిస్తుంది రేడియో. దాన్ని సైడ్‌టోన్ అంటారు.

విమానం వీపు మీది రెక్క

125 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 2.4 మీటర్లు. అందులో నాలుగో వంతు పొడవున్న ఆంటెన్నా బాగా పనిచేస్తుంది. అంటే సుమారు 60 సెంటీమీటర్లు. విమానం లోహపు ఒళ్లు మిగతా సగం ఆంటెన్నాలా ఉపయోగపడుతుంది. చిన్న విమానాల పైభాగంలో వెనక్కి వంగిన సన్నని కడ్డీ, పెద్ద విమానాల వీపు మీదా పొట్ట కిందా చేప రెక్కలా కనిపించే పలక, ఇవన్నీ ఇలాంటి ఆంటెన్నాలే. విమానంలోనూ నేల మీదా ఆంటెన్నాలు నిలువుగానే ఉంటాయి. ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా ఉంటే సంకేతంలో చాలా భాగం వృథా అవుతుంది.

విమానం బాగా ఒరిగి తిరిగేటప్పుడు మాట ఒక్కోసారి బలహీనపడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రెక్కో, విమానం ఒళ్లో ఆంటెన్నాకూ నేల స్టేషన్‌కూ మధ్య అడ్డు వస్తుంది. అందుకే చాలా విమానాల్లో రెండు రేడియోలు, వాటికి విడివిడిగా రెండు ఆంటెన్నాలు ఉంటాయి. ఒకటి మూగబోయినా రెండోది ఉండాలన్నది అసలు ఉద్దేశం.

వినడమే కష్టమైన పని

పంపడం కన్నా అందుకోవడం కష్టం. విమానం నుంచి 10 వాట్లుగా బయలుదేరిన తరంగం అన్ని దిక్కులకూ పరచుకుంటూ పోతుంది. అడ్డేమీ లేదనుకున్నా, 40 కిలోమీటర్ల అవతల ఆంటెన్నాకు అందేది ఒక వాట్‌లో దాదాపు నాలుగు వందల కోట్ల వంతు. వోల్టేజి లెక్కలో చెబితే సుమారు 100 మైక్రోవోల్టులు. అంటే వోల్టులో పది వేల వంతు. అంత సన్నని సంకేతాన్ని పక్క ఛానళ్ల నుంచి, పొరుగునే ఉన్న ఎఫ్‌ఎం స్టేషన్ల హోరు నుంచి వేరు చేసి మాటగా మార్చాలి.

ఇందుకు రిసీవర్ వాడే ఉపాయం వందేళ్ల కిందటిది. 1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్‌హెటరోడైన్ పద్ధతి అది. 760 ఛానళ్లలో ప్రతిదానికీ విడిగా పదునైన ఫిల్టర్ పెట్టడం కుదరదు. దానికి బదులు, వచ్చిన ఏ ఛానల్‌నైనా ముందు ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి దించుతారు. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకి చాలా పదునైన ఫిల్టర్ ఒకటి పెడితే సరిపోతుంది.

ఉదాహరణకు 121.5 మెగాహెర్ట్జ్ వినాలనుకుందాం. రేడియో తన లోపల 132.2 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టించి, వచ్చిన సంకేతంతో కలుపుతుంది. రెండింటి తేడా 10.7 మెగాహెర్ట్జ్. ఛానల్ మారిస్తే లోపలి తరంగం కూడా అంతే జరుగుతుంది, కానీ తేడా మాత్రం ఎప్పుడూ 10.7 గానే ఉంటుంది. 10.7 మీద కూర్చున్న ఫిల్టర్ తనకు కావలసిన ఛానల్‌ను మాత్రమే లోపలికి రానిస్తుంది. చాలా రిసీవర్లలో ఈ మధ్యంతర ఫ్రీక్వెన్సీ 10.7. కొన్నింట్లో వేరే విలువలు వాడతారు.

ఆ తర్వాత సంకేతాన్ని పెంచి, దాని ఎత్తులో వచ్చే మార్పులను మాత్రం విడదీస్తే మాట బయటపడుతుంది. ఇక్కడ ఇద్దరు సహాయకులు ఉన్నారు. మొదటిది ఏజీసీ. రన్‌వే పక్కనే ఉన్న విమానం సంకేతం ఎంతో బలంగా, వంద కిలోమీటర్ల అవతలి విమానం సంకేతం ఎంతో బలహీనంగా వస్తుంది. రెండూ చెవికి దాదాపు ఒకే స్థాయిలో వినిపించేలా ఏజీసీ దానంతటదే యాంప్లిఫైయర్ బలాన్ని సర్దుతుంది. రెండోది స్క్వెల్చ్. ఎవరూ మాట్లాడనప్పుడు రేడియోలో వచ్చే 'ష్' అనే హోరును గంటల తరబడి వినడం ఎవరి తరమూ కాదు. తగినంత బలమైన సంకేతం వచ్చేవరకు స్పీకర్ తలుపు మూసి ఉంచే కాపలాదారు స్క్వెల్చ్. కానీ దాన్ని మరీ బిగిస్తే దూరం నుంచి వచ్చే బలహీనమైన పిలుపు కూడా తలుపు బయటే ఆగిపోతుంది. అందుకే అప్పుడప్పుడు స్క్వెల్చ్ తెరిచి చూసుకోవడం పైలట్లకు నేర్పే మొదటి అలవాట్లలో ఒకటి.

నందినిలో మాట ఎందుకు అందలేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మంచి రిసీవర్‌కు రెండు మూడు మైక్రోవోల్టులు అందినా మాట అర్థమవుతుంది. 40 కిలోమీటర్ల దూరంలో వచ్చేది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే శక్తి సమస్య కాదు. సమస్య భూమి గుండ్రంగా ఉండటం.

తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న షార్ట్‌వేవ్ తరంగాలు పైనున్న అయనోవరణానికి తగిలి తిరిగి నేలకు వస్తాయి. ఒకప్పుడు వేల కిలోమీటర్ల దూరపు స్టేషన్లు మన రేడియోల్లో వినిపించింది అందుకే. వీహెచ్‌ఎఫ్ తరంగాలు సాధారణంగా అయనోవరణాన్ని చీల్చుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతాయి. నేల మీద అవి దాదాపు చూపులాగే సూటిగా ప్రయాణిస్తాయి. దిగంతానికి అవతల ఉన్నది కంటికి కనపడనట్టే, వీహెచ్‌ఎఫ్‌కూ అందదు. గాలి సాంద్రత పైకి పోయేకొద్దీ తగ్గడం వల్ల తరంగం కొంచెం కిందికి వంగుతుంది కాబట్టి రేడియో దిగంతం కంటి దిగంతం కన్నా కాస్త దూరం.

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. ఆంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపుల దిగంతాలనూ కలిపితే గరిష్ఠ దూరం తెలుస్తుంది.

నేల మీద నిలబడిన చిన్న విమానం ఆంటెన్నా ఎత్తు 3 మీటర్లు అనుకుంటే దాని దిగంతం సుమారు 7 కిలోమీటర్లు. రాయ్‌పూర్ వైపు ఆంటెన్నా ఎత్తు 30 మీటర్లు అనుకుంటే దాని దిగంతం 22.5 కిలోమీటర్లు. రెండూ కలిపితే 30 కూడా దాటవు. దూరమేమో 40 పైన. మధ్యలో భూమి వంపు నిలబడి ఉంది. అంచును ఒరుసుకుంటూ కొద్దిపాటి సంకేతం వంగి అవతలికి పోవచ్చు గానీ దాన్ని నమ్ముకుని విమానం నడపలేరు.

అదే విమానం 300 మీటర్లు, అంటే దాదాపు వెయ్యి అడుగులు లేస్తే దాని దిగంతం ఒక్కటే 71 కిలోమీటర్లు. రాయ్‌పూర్ వైపుది కలిపితే 90 దాటుతుంది. నిజానికి కాగితం మీద లెక్క ప్రకారం పాతిక ముప్పై మీటర్లు లేచినా చాలు. చెట్లు, భవనాలు, గనుల తవ్వకంలో పోసిన మట్టి దిబ్బలు అడ్డు ఉంటాయి కాబట్టి ఆచరణలో ఇంకాస్త ఎత్తు కావాలి. రేడియోలో 10 వాట్లకు బదులు 100 వాట్లు పెట్టినా నేల మీది విమానానికి పెద్దగా లాభం ఉండదు. ఎత్తుకు ఉన్న విలువ వాట్లకు లేదు.

35 వేల అడుగుల ఎత్తులో ఎగిరే ప్రయాణికుల విమానానికి ఇదే లెక్క వేస్తే దిగంతం 425 కిలోమీటర్లు. అందుకే దేశమంతటా కొన్ని ఎత్తైన చోట్ల రేడియో స్టేషన్లు పెట్టి, వాటిని కంట్రోల్ కేంద్రాలతో కలిపి పైమార్గాల్లోని విమానాలతో మాట్లాడతారు. సముద్రాల మీద అలాంటి స్టేషన్లు పెట్టలేరు కనుక అక్కడ షార్ట్‌వేవ్ రేడియోనో, ఉపగ్రహాన్నో ఆశ్రయించక తప్పదు.

చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల దగ్గర ఈ లెక్కకు ప్రాణాలతో సంబంధం ఉంది. నేల మీదున్న పైలట్‌కు దూరపు కంట్రోలర్ మాట వినిపించకపోతే, ఆ చుట్టుపక్కల కిందికి దిగుతున్న మరో విమానం గురించి ఆ కంట్రోలర్ చేసే హెచ్చరిక కూడా వినిపించదు. రేడియో నిశ్శబ్దంగా ఉందంటే ఆకాశం ఖాళీగా ఉందని అర్థం కాదు. అందుకే బయలుదేరే ముందు ఫోన్ ద్వారా సమాచారం తీసుకోవడం, కిటికీలోంచి కళ్లతో చూసుకోవడం, గాలిలోకి లేచిన వెంటనే పిలవడం అనే అలవాట్లు పుట్టాయి.

కీచుమనడమే మేలు

మరి ఏఎం ఎందుకు? పోలీసు వాకీటాకీల నుంచి ఓడల వీహెచ్‌ఎఫ్ రేడియోల దాకా ఎన్నో వ్యవస్థలు ఎఫ్‌ఎంకు మారాయి. ఎఫ్‌ఎంలో గరగరలు తక్కువ. అయినా విమానాలు ఏఎం వదల్లేదు. ప్రపంచంలోని ప్రతి విమానం, ప్రతి టవర్ ఒకేసారి రేడియోలు మార్చడం అసాధ్యం కావడం ఒక కారణం. రెండో కారణం భౌతికశాస్త్రంలో ఉంది.

ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కారనుకుందాం. ఎఫ్‌ఎం రిసీవర్ బలమైన సంకేతాన్ని పట్టుకుని బలహీనమైన దాన్ని పూర్తిగా తొక్కేస్తుంది. రెండో మనిషి మాట్లాడాడన్న సంగతే వినేవాడికి తెలియదు. ఏఎంలో అలా జరగదు. రెండు వాహక తరంగాలూ కలుస్తాయి. ఏ రెండు రేడియోల స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా కంపించవు. పది లక్షల్లో 5 వంతుల తేడా ఉన్నా 125 మెగాహెర్ట్జ్ దగ్గర అది 625 హెర్ట్జ్ అవుతుంది. కొద్ది తేడా ఉన్న రెండు శృతిదండాలను కలిపి మోగిస్తే విస్పందనాలు వినిపిస్తాయని బడిలో చదువుకుంటాం. ఇక్కడా అదే. ఆ తేడా చెవికి 'కీచ్' మనే ధ్వనిగా వినిపిస్తుంది. మాట అర్థం కాకపోయినా, 'ఎవరో ఇద్దరు ఒకేసారి మాట్లాడారు, మళ్లీ అడగాలి' అన్న సంగతి తెలుస్తుంది. ఒక సంకేతం మరీ బలహీనంగా లేకపోతే దాని మాట కూడా అడుగున లీలగా వినిపిస్తుంది.

ఏఎంకు ఇంకో ఓర్పు కూడా ఉంది. సెకనుకు 250 మీటర్ల వేగంతో వచ్చే విమానం సంకేతం డాప్లర్ ప్రభావం వల్ల 100 హెర్ట్జ్ పైచిలుకు జరుగుతుంది. రిసీవర్ చూసేది తరంగం ఎత్తునే కాబట్టి ఈ జరుగుడు మాటను పాడుచేయదు.

అయితే కీచుమనడం హెచ్చరిక మాత్రమే, మందు కాదు. ఆ సంగతి ప్రపంచానికి 1977 మార్చి 27న చాలా ఖరీదైన పాఠంగా తెలిసింది. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో ఆ రోజు దట్టమైన మంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఉన్నాయి. కేఎల్ఎం విమానం బయలుదేరడానికి ఒక చివర సిద్ధమైంది. పాన్ ఆమ్ విమానం అదే రన్‌వే మీద ఇంకా నెమ్మదిగా నడుస్తోంది. మంచులో ఒకరికొకరు కనపడరు. టవర్‌కూ ఇద్దరూ కనపడరు. అందరినీ కలిపి ఉంచింది రేడియో ఒక్కటే.

కేఎల్ఎం పైలట్లు తాము బయలుదేరుతున్నామన్నట్టు చెప్పారు. కంట్రోలర్ 'సరే' అని, క్షణం ఆగి, నేను పిలిచేదాకా ఆగండి అన్నాడు. సరిగ్గా ఆ క్షణంలోనే పాన్ ఆమ్ సిబ్బంది కంగారుపడి, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పడానికి బటన్ నొక్కారు. రెండు సంకేతాలూ కలిశాయి. కేఎల్ఎం కాక్‌పిట్‌లో 'సరే' అన్న మాట వినిపించింది. తర్వాత మూడు సెకన్లకు పైగా కీచుమనే ధ్వని వినిపించింది. ఆ ప్రమాదాన్ని ఆపగలిగే రెండు మాటలూ ఆ ధ్వనిలో మునిగిపోయాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ప్రమాదవశాత్తు ఇంతమంది మరణించిన దుర్ఘటన మరొకటి లేదు.

ఆ తర్వాత మారింది సర్క్యూట్ కాదు, మాట తీరు. బయలుదేరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట వాడకూడదని నిర్ణయించారు. 'సరే' లాంటి రెండర్థాల మాటలు తగ్గాయి. ముఖ్యమైన ప్రతి ఆదేశాన్నీ పైలట్ అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పాలి. కంట్రోలర్ అది విని సరిచూడాలి. కీచు వినిపిస్తే ఊహించుకోకుండా మళ్లీ అడగాలి.

ఇరుక్కున్న బటన్

ఒకరు మాట్లాడితే అందరూ ఆగాల్సిన ఈ ఏర్పాటులో ఒక చిన్న లోపం పెద్ద ప్రమాదం కాగలదు. బటన్ ఇరుక్కుపోవడం అలాంటిదే. సీటు మూలకు ఒత్తుకునో, స్ప్రింగ్ పాడయ్యో బటన్ నొక్కి ఉండిపోతే ఆ విమానం వాహక తరంగం ఫ్రీక్వెన్సీనంతా ఆక్రమిస్తుంది. చుట్టుపక్కల ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అన్నిటికన్నా విచిత్రం, దానికి కారణమైన పైలట్‌కు రేడియో ప్రశాంతంగా ఉన్నట్టే తోస్తుంది. అతని రిసీవర్ ఆగిపోయింది కదా! కొన్ని కొత్త రేడియోలు బటన్ అదే పనిగా నొక్కి ఉంటే నిర్ణీత సమయం తర్వాత వాటంతటవే పంపడం ఆపేస్తాయి. రేడియో మీద పంపుతున్నట్టు వెలిగే చిన్న గుర్తును ఓ కంట కనిపెట్టడం పైలట్ బాధ్యత.

ఇలాంటి పరికరాల తయారీకి తెలుగు నేలతో సంబంధం ఉంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1965లో హైదరాబాద్‌లో స్థాపించిన ఏవియానిక్స్ విభాగం విమానాల కమ్యూనికేషన్, నావిగేషన్ పరికరాలను తయారు చేస్తోంది. వేడికీ, చలికీ, అదురుకూ, తేమకూ తట్టుకునేలా రేడియోను కట్టడం, కట్టాక పరీక్షించడం, సర్క్యూట్ గీయడమంత పెద్ద పని.

రాబోయేది డిజిటలేనా?

కొంతవరకు వచ్చేసింది కూడా. ఎత్తు మారమనో, ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్లమనో చెప్పే మామూలు ఆదేశాలను అక్షర రూపంలో కాక్‌పిట్ తెర మీదకు పంపే డేటా లింక్‌లు వాడుకలో ఉన్నాయి. అందులో ఒకరి మాట మీద మరొకరు పడే బెడద లేదు. కానీ దిగబోతున్న విమానాన్ని ఉన్నపళంగా పైకి లేపాల్సి వచ్చినప్పుడు తెర మీద అక్షరాలు చదువుకునే తీరిక ఉండదు. ఆ క్షణంలో కావలసింది గొంతు. ఆ గొంతు వింటే అవతలి మనిషి తొందర కూడా తెలుస్తుంది.

నందిని రన్‌వే మీది పైలట్ విషయానికొస్తే, అతని రేడియోకు మూడు సంగతులు ఎప్పుడూ వర్తిస్తాయి. దిగంతం దాటి అది వినలేదు. తాను మాట్లాడుతున్నప్పుడు వినలేదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటను కాపాడలేదు, ఏదో జరిగిందని మాత్రం కీచుమని చెప్పగలదు. ఈ మూడింటినీ గుర్తుంచుకున్న పైలట్ బటన్ నొక్కే ముందు రెండు సెకన్లు వింటాడు. గాలిలోకి లేచి రాయ్‌పూర్ గొంతు స్పష్టంగా అందాక, ఆ మాటను తిరిగి చెప్పి అవతలి నుంచి 'సరిగ్గా విన్నావు' అనే జవాబు వచ్చేవరకు తన పని పూర్తయిందనుకోడు.